ఏడెకరాల స్వయంసమృద్ధి

మా ఇంట్లో ఫానుకి ఈమధ్య రిమోటు వచ్చింది. మేం అడగలేదు. కొత్త ఫానుతో పాటు అదే వచ్చింది. గోడ మీద రెగ్యులేటరు ఉండే చోట ఇప్పుడు నున్నటి తెల్లబిళ్ళ ఒకటుంది, చూసుకోడానికి. మొన్న మధ్యాహ్నం, నరసరావుపేటలో కాకులు కూడా మాట్లాడ్డం మానేసే వేళ, ఆ రిమోటు పనిచెయ్యలేదు. కరెంటుంది. ఫానుంది. రెక్కలున్నాయి. గాలి లేదు. రిమోటుకి సెల్లులు కావాలి, సెల్లులకి కొట్టు తెరవాలి, కొట్టు తెరవాలంటే కొట్టాయన భోంచేసి కునుకు తీసి లేవాలి. ఆయన లేచేదాకా దినపత్రికతో విసురుకున్నాను. పద్ధతి పాతదే, భుజం నొప్పి మాత్రం కొత్తది.

అందుకే ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలనుకునే మనుషులంటే నాకు గౌరవం. ఉద్యోగం చివరి రోజుల్లో అలాంటివాళ్ళకి కొన్నాళ్ళు పనిచేశాను కూడా. అందులో ఒక కేసు చెబుతాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి పనికొస్తుందో లేదో తెలీదు. మా రోజుల్లో పెద్దవాళ్ళు చెప్పినవి మాకేవీ పనికిరాలేదు. అయినా వాళ్ళు చెప్పడం మానలేదు కాబట్టి నేనూ మానను.

భూమి కొనేవాళ్ళకి ముందుగా నీరూ మట్టీ చూసిపెట్టే ఆఫీసు మాది. కింద పత్తి విత్తనాల కొట్టు, పైన మేము. ఆఫీసంటే ముగ్గురం. నీళ్ళు నావి. మట్టి మా మేడమ్‌ది. వ్యవసాయ కాలేజీలో చదువుకున్న మనిషి. ఆవిడ మట్టిని తప్ప ఎవర్నీ మెచ్చుకోగా నేను చూడలేదు, మట్టిని కూడా అరుదుగానే. బండీ, మోటార్లూ మా డ్రైవరు భాయ్‌వి. మాచర్లలో చాలాకాలం పంపుసెట్ల మెకానిక్కుగా చేసి మా దగ్గరికొచ్చాడు. ఆయనకి రెండు విషయాల్లో రాజీ లేదు: ఒకటి ఇంజనాయిలు, రెండు మధ్యాహ్న భోజనం.

మొదట్లో మా దగ్గరికి రైతులొచ్చేవాళ్ళు, ప్లాట్లు వేసేవాళ్ళొచ్చేవాళ్ళు. రైతు "నీళ్ళు పడతయ్యా సారూ?" అని అడిగేవాడు. ప్లాట్లాయన "పడతాయని రాయండి సార్" అనేవాడు. కరోనా వెళ్ళాక మూడో రకం మొదలైంది. హైదరాబాదు నుంచి కార్లలో దిగి, చల్లటి నీళ్ళసీసాలో నీళ్ళు తాగి, "ఇక్కడ మేం స్వయంసమృద్ధిగా బతకొచ్చా సార్?" అని అడిగేవాళ్ళు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు భాయ్ నా చెవిలో, "ఏంది సార్ అది, ఏదైనా స్కీమా?" అన్నాడు. తిండీ నీళ్ళూ పాలూ కరెంటూ అన్నీ సొంతంగా చేసుకుని ఎవర్నీ ఏదీ అడక్కుండా బతకడం అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరి తగాదాలెవరితో?" అన్నాడు.

ఆ దంపతులు అలా వచ్చినవాళ్ళే. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, బడికెళ్ళే వయసు పిల్లలిద్దరు. అతను అప్పటికే ఉద్యోగం మానేసి చేనేత చొక్కాల్లోకి మారిపోయాడు. ఆ అమ్మాయి ఇంకా మానలేదు. కారంపూడి అవతల ఒక ఊళ్ళో ఏడెకరాల మెట్ట, బోరుతో సహా, అమ్మకానికుంది. అమ్మే మనిషి గుంటూరులో స్థిరపడిపోయాడు, ఆ నేల మొహం చూసే ఉద్దేశం ఆయనకి లేదు. కొనాలంటే వీళ్ళు హైదరాబాదులో ఉన్న ఒక్క ఫ్లాటూ అమ్మాలి.

అతను ఆఫీసులో కూర్చుని ఆవుల గురించీ, కుంకుళ్ళతో సబ్బు గురించీ, అవకాడో చెట్ల గురించీ చెప్పాడు. అవకాడో అన్నప్పుడు మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ మాట మింగేటప్పుడు చేసే పని అది.

అతను ఫోనొచ్చి బయటికెళ్ళగానే ఆ అమ్మాయి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"సార్, ఈయన ఈ పొలం మనసులో ఎప్పుడో కొనేశారు. ఇంక ఈయన్ని అడిగి లాభం లేదు. ఫ్లాటు అమ్మడానికి నేను సంతకం పెట్టాలి. మీరు సరేనంటే పెడతాను, వచ్చేస్తాను, వెనక్కి చూడను. మీరు కాదంటే ఈయన మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటారు. అది మా ఇద్దరి ఒప్పందం. ఏదో ఒకటి చెప్పండి గానీ మధ్యస్తంగా మాత్రం చెప్పకండి."

నా అనుభవంలో ముప్పాతిక మధ్యస్తంగా చెప్పడమేనని ఆవిడతో అనలేదు.

*

కారంపూడి దాటాక తారురోడ్డు మనసు మార్చుకునే చోటొకటుంది. అక్కడ కుడికి తిరిగితే ఆ ఊరు. పల్నాడంటే బయటివాళ్ళకి పౌరుషం గుర్తొస్తుంది. నాకు బోర్లు గుర్తొస్తాయి. సాగర్ కాలవ నీళ్ళు పక్క ఊరి దాకా వచ్చి ఆగిపోయాయి. ఎందుకాగాయో ఆ ఊళ్ళో ప్రతి ఎన్నికలకీ ఒక కొత్త కారణం చెబుతారు. కాలవ లేదు కాబట్టి ప్రతివాడికీ ఒక బోరు.

మొదటిసారి మేం వెళ్ళింది మిరపకాయలు ఎండబోసే రోజుల్లో. ఊరంతా కల్లాల్లో ఎర్రగా ఉంది, అందరూ తుమ్ముతున్నారు. పక్క పొలం పెద్దాయన ఎదురొచ్చాడు. పాత సర్పంచి. పదవి పోయినా తువ్వాలు భుజం మీంచి దిగలేదు. మమ్మల్ని కాదు, కారు వెనక సీటుని చూశాడు.

"పిల్లలెంతమంది బాబూ?"

"ఇద్దరండీ."

"ఏం చదువుతన్నారు?"

"పెద్దాడు మూడు, పాప ఒకటి."

"బంగారంలాంటి పొలమయ్యా," అన్నాడు పెద్దాయన వెంటనే.

పిల్లల చదువుకీ పొలం నాణ్యతకీ సంబంధమేమిటో తెలుసుకోడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆయనేం దాచుకునే మనిషి కాదు. వాళ్ళ బళ్ళో పిల్లలు పల్చబడ్డారు. జూన్‌లో బడి తెరిచేటప్పటికి ఇంకో ఇద్దరు చేరకపోతే దాన్ని ఎత్తేసి పక్క ఊరి బళ్ళో కలుపుతారు. పక్క ఊరికి వెళ్ళాలంటే వాగు దాటాలి. చిన్నపిల్లలు వానల్లో దాటలేరు. ఇప్పటికే రెండిళ్ళ వాళ్ళు పిల్లల చదువుకని పిడుగురాళ్ళ వెళ్ళి కాపరం పెట్టారు. "బడి పోతే ఇంకో నాలుగిళ్ళు లేస్తయ్యి సారూ. ఇంక మేం ముసలోళ్ళం మిగుల్తాం, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుంటా. ఉన్న మొహాలేమో అంతంత మాత్రం," అన్నాడు.

ఈ మాటలు నాతోనూ భాయ్‌తోనూ అన్నాడు. కొనబోయే అతను అప్పటికి పొలం మధ్యలో ఒక పుట్టకి ఫొటో తీస్తున్నాడు.

మేడమ్ ఒక మూల గుంత తవ్వించారు. జానెడు ఎర్రమట్టి, దాని కింద నాపరాయి. ఇంకో మూల తవ్వించారు. బెత్తెడు ఎర్రమట్టి, దాని కింద నాపరాయి. మూడోచోట తవ్వే శ్రమ కూడా లేకపోయింది, నాపరాయి పైకే ఉంది.

"ఒక్క రాళ్ళ విషయంలో మాత్రం ఈ పొలం స్వయంసమృద్ధి ఎప్పుడో సాధించింది," అన్నారు మేడమ్.

"ఆ రాళ్ళతోనే ఇల్లు కట్టుకుంటామండీ!" అన్నాడు అతను ఉత్సాహంగా. ఆశ ఉన్న మనిషికి ఏది చూపించినా దాన్నీ ఆశలోనే కలుపుకుంటాడు. అలాంటివాళ్ళని పరీక్షకి తీసుకెళ్ళడం కష్టం. మన పని నేలని చూడ్డం, వాళ్ళ మొహం చూడకూడదు. ఇది రాసినంత తేలిక కాదు.

తర్వాత పెద్దాయన ఇంటి ముందు మంచాలేసి కూర్చోబెట్టారు. పెద్దాయన భార్య, ఊరందరికీ పెద్దమ్మ, మజ్జిగ తెచ్చింది. పెద్దాయన మాట్లాడే మాటల్లో సగం ఆవిడ అక్కర్లేదనుకుంటుందని కాసేపట్లోనే అర్థమైంది.

"పెద్దమ్మా, మీ ఇంట్లో కొనకుండా ఏమేం పండించుకుంటారు?" అని అడిగాడు అతను. ఈసారి ఫోన్లో రికార్డింగు పెట్టాడు.

"మిరగాయలు," అంది పెద్దమ్మ.

"ఇంకా?"

"పత్తి."

"అంటే... తినేవి?"

పెద్దమ్మ ఆలోచించింది. సరిగ్గా అప్పుడే ఊరి మొగలో మైకు మోగింది. టమాటా, వంకాయ, బెండకాయ, కరేపాకు ఉచితం. నరసరావుపేట నుంచి కూరగాయల ఆటో. పెద్దమ్మ ఆ పక్కకి చెయ్యి చూపించి, "అయన్నీ ఆ ఆటోలో పండుతయ్యి నాయనా," అని సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

పిల్లలిద్దరూ ఆవిడ వెనకే పరిగెత్తారు. ఆ అమ్మాయి నవ్వింది. అతను రికార్డింగు ఆపేశాడు.

*

నేల మీద అభిప్రాయం మేడమ్‌ది అయిపోయింది: ఒక మూల ఎకరంన్నరలో పెరడూ జొన్నా అవుతాయి, మిగతాది మేకలకి. ఎకరంన్నర చాలు సార్, అన్నాడతను. ఇక మిగిలింది నీళ్ళు. అంతా నా మీదికొచ్చి ఆగింది.

మెట్టప్రాంతంలో నీళ్ళని మే నెలలోనే చూడాలి. వానాకాలంలో ఏ బోరైనా పోస్తుంది. మామగారు పెళ్ళిలో నవ్వినట్టు, దాన్ని బట్టి ఏమీ అనుకోకూడదు. మోటారు వేసి పొద్దుటి నుంచి ఆపకుండా తోడించాలి. బోరులోకి మా టేపు వదిలితే నీటిని తాకగానే కుయ్యిమంటుంది. నీళ్ళు ఏ లోతుకి దిగుతున్నాయో దాన్ని బట్టి చూసుకుంటూ ఉండాలి. కొద్దిగా దిగి నిలబడితే మంచి బోరు. దిగుతూనే పోతే ఇంటికెళ్ళడం మంచిది. పద్ధతి అంతే, మిగతాదంతా ఎండ.

ఇందులో మొదటి నియమం ఒకటుంది. ఎప్పుడొస్తున్నామో ఊళ్ళో ఎవరికీ ముందు చెప్పకూడదు. మేం చెప్పలేదు. నేను చెప్పలేదు, మేడమ్ చెప్పలేదు, ఆ దంపతులు చెప్పలేదు.

భాయ్ చెప్పాడు. పెద్దాయనకి రెండు రోజుల ముందే ఫోన్ చేశాడు. తర్వాత అడిగితే ఆయన ఏమాత్రం తొణకలేదు. "నాటుకోడి సార్. పొద్దున్నే వదిలేస్తే సాయంత్రం దాకా దొరకదు. ముందు చెప్పకపోతే ఎట్టా పడతారు?" అన్నాడు.

ఆ రోజు కరెంటు రాగానే మోటారు వేశాం. పైపు ఒకసారి దగ్గి, కాస్త ఎర్రనీళ్ళు కక్కి, తర్వాత పోసింది చూడండి! ఆ వైపు రెండించుల నీళ్ళంటే పెద్దమాట. ఇవి రెండించులకి పైనే. టేపు వదిలాను. కొంచెం దిగింది. గంట ఆగి మళ్ళీ వదిలాను. అక్కడే ఉంది. ఇంకో గంట పోయాక చూస్తే టేపు పాడయిందేమోనని అనుమానమొచ్చింది. బకెట్లో ముంచి చూశాను. కుయ్యిమంది.

అతను చొక్కాతోనే పైపు కింద నిలబడ్డాడు. పిల్లలు తొట్లో దూకారు. ఆ అమ్మాయి చెప్పులు విడిచి బోరు పిల్లకాలవలో కాళ్ళు పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. కళ్ళు మూసుకుంది. మొదటిసారి ఆ మొహంలో లెక్కలు కనిపించలేదు. నాకు చెప్పకుండానే నిర్ణయం మారుతోందని అర్థమైంది. ఫ్లాటు సగం అమ్ముడుపోయినట్టే.

"ఎట్టా ఉంది సారూ?" అన్నాడు పెద్దాయన. ఆ పొద్దున ఇస్త్రీ పంచె కట్టుకొచ్చాడు.

"ఆశ్చర్యంగా ఉంది," అన్నాను. అబద్ధం కాదు.

అప్పుడు ఆడవాళ్ళు రావడం మొదలైంది. మొదట ఒకామె బట్టల మూట తెచ్చి మా పైపు దగ్గర దించింది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె చంకలో ఇంకా పెద్ద మూట. తర్వాత ముగ్గురొచ్చారు, బిందెలతో. తర్వాత ఒకాయన గేదెలు తోలుకొచ్చి కడగటానికి నిలబెట్టాడు. కాసేపట్లో మా బోరు దగ్గర జాతరైంది. మేడమ్ మట్టి సంచుల మీద ఎవరివో దుప్పట్లు ఆరేశారు. అతను ఆనందం పట్టలేక వీడియో తీస్తూ, "చూడు, ఊరంతా ఒకే కుటుంబంలా!" అన్నాడు భార్యతో.

మేడమ్ తన సంచుల మీద దుప్పటి పక్కకి లాగి, ఉతుక్కుంటున్న ఆమెని అడిగారు.

"ఏమ్మా, ఇన్ని బట్టలేంటి? ఇంట్లో పెళ్ళా?"

"పెళ్ళేం లేదండీ. రెండ్రోజుల్నాటియి. ఉతకలా."

"ఎందుకుతకలేదు?"

ఆమె ఒకసారి పెద్దాయన వైపు చూసి, సబ్బు మీద దృష్టి పెట్టింది.

నాకప్పుడు వినిపించింది. అంటే, ఏమీ వినిపించలేదు. కరెంటొచ్చాక ఆ పొలాల్లో తిరిగితే ప్రతి గట్టు పక్కనా నీళ్ళ చప్పుడుంటుంది, ఒకచోట తొట్టి, ఒకచోట బోదె, ఒకచోట పగిలిన పైపు. పొద్దుటి నుంచి ఒక్క మా పైపే మోగుతోంది. గట్టు దాటి పెద్దాయన బోరు దగ్గరికి నడిచాను. స్టార్టరు పెట్టె మీద మూడు దీపాలూ వెలుగుతున్నాయి, అంటే కరెంటుంది. స్విచ్చి ఆపేసి ఉంది. పక్కన ఆయన లేత బత్తాయి మొక్కలు వరసగా ఆకులు వేలాడేసుకుని ఉన్నాయి, బళ్ళో తప్పు చేసి నిలబెట్టిన పిల్లల్లాగా. బోదెలు పగుళ్ళిచ్చి ఉన్నాయి.

పెద్దాయన నా వెనకే వచ్చాడు.

"ఎండలు ముదిరినయ్యి సారూ," అన్నాడు.

"మోటారెందుకు వెయ్యలేదు?"

"పాడయింది."

"ఆ పక్కన మీ తమ్ముడిగారిది?"

"అదీ పాడయింది."

"దాని పక్కది?"

పెద్దాయన ఊళ్ళో ఎన్ని మోటార్లు పాడుచెయ్యాలో లెక్కేసుకుంటున్నట్టు ఆగాడు. ఈలోగా వెనక నుంచి పెద్దమ్మ అందుకుంది.

"ఏందయ్యా ఆ అబద్ధాలు, ఆయన మొగాన కళ్ళు లేవా? రెండ్రోజుల్నుంచి ఊళ్ళో బోర్లన్నీ ఆపిచ్చాడయ్యా ఈ మారాజు. అందరిళ్ళకీ తిరిగి చెప్పాడు. మొక్కలు సస్తన్నయ్యిరా అంటే ఇనడు. నేను బిందెతో పోసుకుంటన్నా, తడవకి నాలుగు మొక్కలు."

"ఏమే, నిన్నెవరడిగారే?"

"ఎవురూ అడగలా. అందుకే చెప్తన్నా."

పెద్దాయన నా వైపు తిరిగాడు. మొహంలో సిగ్గు కోసం చూశాను. లేదు.

"సారూ, మా ఊళ్ళో పెళ్ళి జరిగితే చుట్టుపక్కల బోర్లన్నీ ఆపుతాం. పెళ్ళింటి బోరు బాగా పొయ్యాల. వియ్యాలవారి ముందు నీళ్ళు సన్నంగా వస్తే ఊరి పరువేం కాను? మా తాతల కాడ్నించీ బావులప్పుడు కూడా అంతే, ఆ మూడు రోజులూ ఎవరూ తోడరు. చుట్టాలొస్తే చిరిగిన దుప్పటి పరుస్తామా సారూ? అట్టాగే ఇదీనూ. ఇందులో మోసమేముంది?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను మోసం చెయ్యాలని చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు. రాత్రికి రాత్రి బావిలో ట్యాంకరు దించినవాళ్ళున్నారు. వాళ్ళమీద కోపం తెచ్చుకోడం వచ్చు. నాకు మర్యాద చెయ్యడానికి సొంత తోట ఎండబెట్టుకున్న మనిషి మీద ఎలా కోప్పడాలో మా చదువుల్లో లేదు. మేడమ్ మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ, "మొక్కలకి ముందు నీళ్ళు పెట్టండి. తర్వాత మాట్లాడదాం," అన్నారు. ఆవిడ అంత మెత్తగా మాట్లాడ్డం అదే మొదలు, అదే ఆఖరు.

*

నాటుకోడి తిన్నాం. తినకపోతే భాయ్ ఉద్యోగం మానేసేవాడు. తిన్నాక నేను అందరి బోర్లూ వెయ్యమన్నాను, రోజూ ఎలా వేస్తారో అలాగే. ఆ పని భాయ్ ఒప్పుకున్నాడు. చేసిన నేరానికి అంతకంటే తగిన శిక్ష కనపడలేదు నాకు, కానీ ఆయన దాన్ని శిక్షలా అనుభవించలేదు. ఎండలో గట్లెమ్మట తిరుగుతూ ఒక్కొక్క స్టార్టరూ నొక్కి, "వేశా సార్!" అని అరుస్తూ, దారిలో ఇద్దరికి ఫ్యూజులు కూడా సరిచేసి వచ్చాడు.

ఆ దంపతులకి జరిగింది చెప్పాను. అతను నమ్మలేదు. "కాసేపు చూద్దాం సార్. నేలలో నీళ్ళు నేలలోనే ఉంటాయి కదా," అన్నాడు. ఆ అమ్మాయి పిల్లకాలవలోంచి కాళ్ళు తీసి చెప్పులేసుకుంది.

ఆ నేల కింద నీళ్ళు నాపరాళ్ళ సందుల్లో ఉంటాయి. సందులన్నీ లోపల కలుసుకునే ఉంటాయి. పైన గట్లు వేరు, పట్టాలు వేరు, పార్టీలు వేరు. కింద మాత్రం అందరూ ఒకే కొబ్బరిబోండంలో గొట్టాలు పెట్టుకుని పీలుస్తున్నట్టే. టేపు వదిలాను. దిగింది. మళ్ళీ వదిలాను. ఇంకా దిగింది. తొట్టిలో పడే ధార మొదట బొటనవేలంత, తర్వాత చిటికెన వేలంత అయింది. పిల్లలు తొట్లోంచి బయటికొచ్చి దాన్ని చూస్తూ నిలబడ్డారు. కరెంటు పోకముందే పైపు దగ్గింది, గాలి కక్కింది, ఆగింది. గేదె ఒకటి సగం కడిగించుకుని అలాగే ఉండిపోయింది.

పెద్దాయన, బోరుకి సుస్తీ చేసినట్టుగా దాని మీద చెయ్యి వేశాడు.

"చెప్పండి సార్," అంది ఆ అమ్మాయి.

చెప్పక తప్పలేదు. "ఎవరి మీదా ఆధారపడకుండా బతకడానికి ఈ ఏడెకరాలు పనికిరావమ్మా. ఈ బోరుకి సొంత నీళ్ళు లేవు. పక్కవాళ్ళు తోడగా మిగిలినవే దీనివి. తాగడానికి, కాసిన్ని కూరపాదులకి, ఒక ఆవుకి సరిపోతాయి. అదీ పక్కవాళ్ళు వంతు ఇస్తే."

"పక్కవాళ్ళు ఇస్తే అన్నది మధ్యస్తంగా చెప్పడం కదా?"

"కాదు. నీళ్ళ సంగతి కాదనే చెప్పాను. పక్కవాళ్ళ సంగతి నా సబ్జెక్టు కాదు."

ఆవిడ భర్త వైపు తిరిగింది. "ఫ్లాటు అమ్మట్లేదు," అంది. గట్టిగా అనలేదు. అంతకంటే గట్టిగా అనక్కర్లేదు. అతను రాయి మీద కూర్చుండిపోయాడు, ఇల్లు కట్టుకుందామనుకున్న రాళ్ళలోదే ఒకటి. తడి చొక్కా అప్పటికే ఎండిపోయింది. మే నెలలో దుఃఖానికి కూడా తడి ఎక్కువసేపు నిలవదు.

నాకు పనైపోయింది. టేపు చుట్టుకుంటున్నాను. ఇలాంటప్పుడు చప్పుడు చెయ్యకుండా సామాను సర్దుకుని బండెక్కడం మా వృత్తిలో రెండో నియమం. భాయ్ బండి స్టార్టు చెయ్యబోతుంటే పెద్దాయన వెళ్ళి, రాయి మీదున్న అతని పక్కన కూర్చున్నాడు.

"బాబూ, ఒక మాట. కొనమాకండి. సారు చెప్పింది నిజమే, కొంటే మునుగుతారు. మా తమ్ముడి ఇల్లు ఖాళీగా ఉంది, పిడుగురాళ్ళ పోయాడుగా. అందులో ఉండండి. మా పాత బావి పక్కన నా ఎకరం చేను కౌలుకి తీసుకోండి, అదన్నా మట్టి. నీళ్ళు వంతులేసుకుందాం. వారంలో ఒక పూట నీకు అందరం ఆపుతాం. సంవత్సరం చూడండి. బాగుంటే ఉండండి, లేకపోతే పోండి. పోయిందేముంది?"

అతను తలెత్తాడు. "నిజంగా ఆపుతారా?"

"పెళ్ళికి ఆపమా? నీకెందుకాపం? రోజూ ఆపమంటే మాత్రం మేం చావాల."

అతని మొహం మెల్లగా తేరుకుంది, పొద్దున మా బోరు తేరుకున్నంత బాగా. "కూరగాయలు మనవే పండించుకోవచ్చు," అన్నాడు భార్యతో. "ఒక ఆవు." అవకాడో ఎత్తలేదు. మేడమ్ కళ్ళజోడుకి కాస్త విశ్రాంతి దొరికింది.

ఆ అమ్మాయి వెంటనే సరేననలేదు. ఇల్లు చూపించమంది. వంతు ఏ రోజో అడిగింది. వంతు ఇవ్వకపోతే ఎవరిని అడగాలో అడిగింది. పెద్దమ్మని చూపించారు. పెద్దమ్మ, "నన్నడుగు. ఎవడియ్యడో చూస్తా," అంది. దాంతో ఆ అమ్మాయి కాస్త మెత్తబడింది. "ఆఫీసు పని ఇక్కణ్ణించి చేసుకోవచ్చేమో చూస్తాను. ఒక్క సంవత్సరం," అంది. సిగ్నలు ఎక్కడ దొరుకుతుందో ఆడవాళ్ళు నలుగురూ నాలుగు దిక్కులు చూపించారు.

పెద్దాయన ఉత్సాహం పట్టలేక లేచాడు. నీళ్ళకంటే, కౌలుకంటే అసలైన మాట ఆయనకి ఇంకా మిగిలే ఉంది.

"అయితే జూన్ ఫస్టుకల్లా వచ్చెయ్యండి. బడి తెరిచేనాటికి పిల్లలుండాల. పంతులమ్మ చానా మంచిది, ఇయ్యాలే ఫోన్ చేస్తా. అబ్బాయి మూడన్నారుగా, అమ్మాయి ఒకటి..."

"బడికా?" అన్నాడు అతను. నొప్పించకూడదని మెల్లగా చెప్పాడు. చాలా మర్యాదగానే చెప్పాడు. "అదే పెద్దాయనా, మేం అసలు ఇటు రావాలనుకున్నదే దానికోసం. పిల్లల్ని బడికి పంపం. ఇంట్లోనే, పొలంలోనే, చెట్టూ పుట్టా చూసి నేర్చుకుంటారు. మేమిద్దరం చెప్పుకుంటాం. ఎవరి మీదా ఆధారపడకుండా."

పెద్దాయన తువ్వాలు భుజం మీంచి దిగింది. మూటలు కట్టుకుంటున్న ఆడవాళ్ళు ఆగారు. ఆ అమ్మాయి భర్త వైపు చూసింది, తర్వాత వాడిపోయిన బత్తాయి మొక్కల వైపు చూసింది. మా భాయ్ స్టార్టు చేసిన బండిని ఎందుకో ఆపేశాడు.

పెద్దమ్మ చేతిలో బిందె కింద పెట్టి, అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీళ్ళు మావి కావాల. బడి మటుకు మాది వద్దా?"